స్పీడు ఉన్నా నెట్ ఎందుకు మొరాయిస్తుంది: వరుసను మన రౌటర్లోకి తెచ్చుకునే పద్ధతి

కర్నూలులో ఒక మీసేవ కేంద్రం ఉందనుకుందాం. డౌన్‌లోడ్ 50 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ప్లాన్. నాలుగు కంప్యూటర్లు, ఒక స్కానర్, గోడకు నాలుగు సీసీ కెమెరాలు. ఒక కంప్యూటర్ నుంచి స్కాన్ చేసిన పాసు పుస్తకాల ఫైళ్లు ఎక్కుతుంటాయి. అంతే, పక్క సీట్లో ఓటీపీ పేజీ తిరుగుతూనే ఉండిపోతుంది, వీడియో కాల్‌లో అవతలివాళ్ల మాట ముక్కలవుతుంది. స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 48 చూపిస్తుంది. ప్లాన్‌ను 100కి పెంచుతారు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ లోటు స్పీడులో లేదు. నెట్ మీద పోయే డేటా ముక్కలు, అంటే ప్యాకెట్లు, ఎక్కడో ఒకచోట వరుస కట్టి నిలబడుతున్నాయి, ఆ వరుసను చూసుకునేవాళ్లు ఎవరూ లేరు. దాన్ని మన రౌటర్లోకి తెచ్చుకుని ఒక పద్ధతిలో పెట్టడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. ఇల్లయినా, హాస్టలయినా, చిన్న ఆఫీసయినా ఒక పూటలో అయ్యే పని. రౌటర్ అందుకు తగినదైతే పైసా ఖర్చు లేదు.

ముందు కొలత

కొలవకుండా సెట్టింగుల జోలికి పోవద్దు. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో నేరుగా రౌటర్‌కు కలిపి, దాని వైఫై ఆపేయండి. మిగతా కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు అన్నీ విడదీయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండుసార్లు తెరవండి. మొదటిదాంట్లో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, రౌటర్ అడ్రసు రాసి, చివర హైఫన్, టి పెట్టండి. రౌటర్ అడ్రసు చాలాచోట్ల 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. రెండోదాంట్లో ఇదే తీరున 8.8.8.8కి (గూగుల్ సర్వర్ అడ్రసు ఇది) పింగ్ పెట్టండి. ఆపేదాకా సుమారు సెకనుకొక అంకె వస్తూ ఉంటుంది, ప్యాకెట్ పోయి రావడానికి పట్టిన మిల్లీసెకన్లు అది. లినక్స్, మ్యాక్‌లలో హైఫన్ టి అక్కర్లేదు.

ఒక నిమిషం ఏమీ చేయకుండా వదిలి, రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. తర్వాత 500 మెగాబైట్ల వీడియో ఏదైనా గూగుల్ డ్రైవ్‌కు ఎక్కించడం మొదలుపెట్టండి. మొదటి ఇరవై సెకన్లు వదిలేసి, నిలకడగా వచ్చే అంకెలు రాసుకోండి. ఎక్కించడం ఆపి, అంకెలు మామూలుకొచ్చాక, ఈసారి పెద్ద ఫైలు ఒకటి దించుతూ మళ్లీ చూడండి. అప్‌లోడ్, డౌన్‌లోడ్ విడివిడిగా కొలవాలి. రెండూ కలిపి పెడితే జబ్బు ఏ వైపు ఉందో తెలియదు. ఇదంతా పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చేయండి.

ఇక అంకెలను చదవడం. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ రెండొందల పైచిలుకు కిలోమీటర్లే. పోయి రావడానికి దూరం తీసుకునేది రెండు, మూడు మిల్లీసెకన్లు మాత్రమే. తీగ నేరుగా పోదు కాబట్టి, మధ్యలో పెట్టెలు ఉంటాయి కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడు 10 నుంచి 30 రావడం సహజం. అప్‌లోడ్ మొదలుపెట్టగానే అది 300, 800 అయిందంటే ఊరు దూరం జరగలేదు కదా. ఆ పెరిగినదంతా వరుసలో నిలబడిన సమయమే.

పెరుగుదల 30 లోపు ఉంటే మీ నెట్ బాగున్నట్టే, ఇక్కడితో ఆగిపోవచ్చు. 100 దాటితే కింద చెప్పిన పని చేయాల్సిందే. 8.8.8.8తో పాటు రౌటర్ పింగ్ కూడా పెరుగుతుంటే చిక్కు ఆపరేటర్ లైనులో లేదు, ల్యాన్ తీగలోనో రౌటర్ ప్రాసెసర్‌లోనో ఉంది. పొద్దున 15 ఉన్న ఖాళీ పింగ్ రాత్రి తొమ్మిదింటికి, మీరేమీ వాడకుండానే 120 అయితే, వరుస మీ ఇంట్లో లేదు, ఆపరేటర్ వైపు ఉంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

వరుస ఎక్కడ కడుతుంది, ఎందుకు

ఉల్లి సీజన్లో కర్నూలు మార్కెట్ యార్డును తలుచుకోండి. కాటా దగ్గర గంటకు తూగే బండ్లు ఇన్నే అని ఉంటుంది. రోడ్డు మీద నిలబడే చోటు రెండింతలు చేస్తే గంటకు తూగే సరుకు పెరగదు. ఆగిన బండ్ల బారు పెరుగుతుంది, వెనక ఉన్న ఉల్లి కుళ్లుతుంది. పైగా యార్డు నిండిన సంగతి ఊళ్లో బండి కట్టే రైతుకు తెలియదు కాబట్టి ఇంకా బండ్లు వస్తూనే ఉంటాయి. నెట్‌వర్క్‌లో ఆ నిలబడే చోటు పేరు బఫర్.

పంపే కంప్యూటర్‌కు దారిలో ఎంత ఖాళీ ఉందో ముందుగా తెలియదు. అందుకని కొంచెం పంపి చూసి, జవాబులు వస్తే పెంచుతుంది. ఇప్పటి సర్వర్లు మొదట పది ప్యాకెట్లు, అంటే సుమారు 14,600 బైట్లు పంపుతాయి. జవాబు రాగానే ఇరవై, తర్వాత నలభై, ఎనభై, నూట అరవై. పింగ్ 20 మిల్లీసెకన్లున్న 50 ఎంబీపీఎస్ లైనులో ఒకేసారి పట్టేది సుమారు 86 ప్యాకెట్లు. అంటే 80 మిల్లీసెకన్లు తిరిగేసరికే పంపేది లైను పట్టేదాన్ని మించిపోతుంది. మించినదంతా బఫర్‌లో చేరుతుంది. బఫర్ నిండి ప్యాకెట్ జారిపోయినప్పుడే సర్వర్‌కు "రద్దీ ఉంది" అని అర్థమై వేగం తగ్గిస్తుంది. లినక్స్‌లో 2006 నుంచీ మామూలుగా ఉండే క్యూబిక్ పద్ధతిలో ప్యాకెట్ పోగానే పంపే మోతాదును 70 శాతానికి దించుతారు. ఆపై మునుపటి మోతాదు దగ్గరదాకా త్వరగా వచ్చి, అక్కడ కాసేపు నిదానించి, మళ్లీ పైకి వెతుకుతారు.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కూ, బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య 400 గజాల దూరంలో ఉన్న లింకులో వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. లైను తెగలేదు, నిండుగానే ఉంది. కాకపోతే జవాబు ఆలస్యమైన ప్రతి కంప్యూటరూ పోయిందనుకుని అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపడంతో, పనికొచ్చే సరుకు కదలలేదు. దాన్ని చూసి వాన్ జాకబ్‌సన్, మైకేల్ కారెల్స్ 1988లో రాసిన పరిశోధన పత్రం నుంచే ఇప్పటి రద్దీ నియంత్రణ మొదలైంది. అది లేకుండా ఇంతమంది ఒకే లైను పంచుకోవడం కుదిరేది కాదు.

మరి ఇప్పుడు చిక్కేమిటి? మెమరీ చవకయ్యాక మోడెంలలో, ఓఎన్‌టి బాక్సుల్లో (ఫైబర్ తీగ ఇంట్లో వచ్చి చేరే పెట్టెల్లో) బఫర్లు పెద్దవయ్యాయి. ఒక మెగాబైటు బఫర్ నిండితే అందులో 8 మెగాబిట్లు ఉంటాయి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అది ఖాళీ కావడానికి 0.8 సెకను. జారిపోవడమే రద్దీకి గుర్తు కదా, పెద్ద బఫర్ ఆ గుర్తును ఆలస్యం చేస్తుంది, ఈలోపు వరుస పెరిగిపోతుంది. జిమ్ గెటీస్ అనే ఇంజినీరు దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఓటీపీ పేజీ ఎందుకు తిరుగుతుందో లెక్క వేయొచ్చు. పేజీ రావాలంటే సైటు పేరుకు అడ్రసు చెప్పే డీఎన్ఎస్‌కు ఒకసారి, కనెక్షన్ కట్టడానికి ఒకసారి, తాళం కుదుర్చుకోవడానికి కనీసం ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి పోయి రావాలి. నాలుగుసార్లు 0.8 సెకను అంటే, మొదటి అక్షరం రాకముందే 3.2 సెకన్లు. అందులో బొమ్మలూ స్క్రిప్టులూ వేర్వేరు సర్వర్ల నుంచి రావాలంటే ప్రతిదానికీ ఇదే తంతు. అప్‌లోడ్ పెడితే డౌన్‌లోడ్ కూడా పడిపోవడానికీ కారణం ఇదే: దిగిన సరుకుకు మన వైపు నుంచి పోవాల్సిన చిన్న రసీదులు కూడా అప్‌లోడ్ వరుసలోనే ఇరుక్కుంటాయి.

నాలుగు కెమెరాలు ఒక్కొక్కటి 2 ఎంబీపీఎస్ చొప్పున క్లౌడ్‌కు పంపుతుంటే 10లో 8 పగలూ రాత్రీ అక్కడే పోతోంది. అంగళ్లలో, హాస్టళ్లలో ఎవరూ అనుమానించనిది దీన్నే. కెమెరా యాప్‌లో నాణ్యత తగ్గించడమో, రికార్డింగును డీవీఆర్ హార్డ్ డిస్క్‌కు మార్చడమో ముందు చేయండి. సగం జబ్బు అక్కడే తగ్గవచ్చు.

రౌటర్ ఎంపిక

ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టి బాక్సును కదిలించవద్దు. దాని ల్యాన్ పోర్టు నుంచి తీగ తీసి మీ సొంత రౌటర్ వ్యాన్ పోర్టుకు (బయటి లైను కలిసే చోటు) పెట్టండి. ఆపరేటర్ లైనులోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బాక్సులోనే ఉంటే అలాగే ఉండనీయండి, మీ రౌటర్ వ్యాన్‌ను డీహెచ్‌సీపీలో (అడ్రసును దానంతటదే తీసుకునే పద్ధతి) పెడితే చాలు. రెండు పెట్టెల మీదుగా పోవడం వల్ల బయటి నుంచి పోర్టు తెరిచి కెమెరా చూసేవాళ్లకే చిక్కు. వాళ్లు ఆపరేటర్‌ను అడిగి బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే ఉత్త తీగలా పనిచేసేలా, పెట్టించుకోవాలి. అప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్లో కొట్టాలి. సొంత రౌటర్ పెట్టాక అన్ని కంప్యూటర్లూ, కెమెరాలూ దానికే కలవాలి. ఒక్కటి ఓఎన్‌టి వైఫై మీద మిగిలినా వరుస మన చేయి దాటిపోతుంది.

రౌటర్‌కు కావలసింది వరుసను అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం అనే సదుపాయం. కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే రౌటర్లన్నిటికీ అది వస్తుంది. ఎక్కించేముందు రౌటర్ అడుగున స్టిక్కర్ మీది మోడల్ పేరుతో పాటు వెర్షన్ అంకె కూడా చూడండి. ఒకే పేరుతో వచ్చిన మొదటి, రెండో వెర్షన్లలో చిప్పులే వేరుగా ఉండవచ్చు, తప్పు ఫైలు ఎక్కిస్తే రౌటర్ లేవదు. 8 మెగాబైట్ల ఫ్లాష్, 64 మెగాబైట్ల ర్యామ్ ఉన్న పాతవి వద్దు. 16, 128 కనీసం ఉండాలి. వందకు పైన ఎంబీపీఎస్ ఉన్నవాళ్లు ప్రాసెసర్ బలంగా ఉన్నదే తీసుకోవాలి. వరుసను నడపడం పూర్తిగా ప్రాసెసర్ పని.

మామూలు రౌటర్లలో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అని ఒకటి ఉంటుంది. ఒక్కో కంప్యూటర్‌కు ఇంత అని గిరి గీయడం అది. మిగతావాళ్లు ఊరికే ఉన్నా ఆ గిరి దాటనివ్వదు, అయినా వరుసను తగ్గించదు. దీన్నీ ఎస్‌క్యూఎంనూ ఒకటిగా అనుకోవద్దు.

అంకెలు పెట్టడం

ఈ భాగం నిదానంగా చేయాలి. స్పీడ్ టెస్ట్ ఐదుసార్లు, రాత్రి వేళ కూడా కలిసేలా చేయండి. డౌన్‌లోడ్ 46, 44, 47, 41, 45 వచ్చాయనుకుంటే తీసుకోవాల్సింది సగటు కాదు, అన్నిటికన్నా తక్కువైన 41. అందులో 90 శాతం అంటే 37. అప్‌లోడ్‌లో తక్కువైనది 9.4 అయితే 95 శాతం, అంటే 8.9.

ఎందుకు తగ్గించాలి? వరుస ఎప్పుడూ దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటే కడుతుంది. ఇప్పుడు ఆ ఇరుకు ఓఎన్‌టిలోనో ఆపరేటర్ పెట్టెలోనో ఉంది, అక్కడి బఫర్ మన మాట వినదు. మన రౌటర్‌ను దానికన్నా ఒక పిసరు ఇరుకు చేస్తే వరుస ఇక్కడికి వస్తుంది. ఇక్కడైతే ఎవరిని ముందు పంపాలో, ఎవరికి ఎప్పుడు "నిదానించు" అని చెప్పాలో మనం నిర్ణయించవచ్చు. డౌన్‌లోడ్‌కు ఎక్కువ ఖాళీ వదలడానికి కారణం, అది మన దగ్గరికి చేరేసరికే ఇరుకు దాటి వచ్చేసింది. చేరిన ప్యాకెట్లలో కొన్నిటిని వదిలేసి అవతలి సర్వర్‌ను నిదానింపజేయడమే మన చేతిలో ఉంది, అది పనిచేయడానికి కొంచెం వెసులుబాటు కావాలి. అప్‌లోడ్ అలా కాదు, పంపేది మనమే.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి పేజీలో సిస్టమ్ కింద సాఫ్ట్‌వేర్‌లోకి పోయి, జాబితా తాజా చేసి, పేరులో ఎస్‌క్యూఎం అని ఉన్న లూసీ ప్యాకేజీని ఎక్కించండి. తర్వాత నెట్‌వర్క్ కింద ఎస్‌క్యూఎం క్యూఓఎస్ కనిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ దగ్గర వ్యాన్‌ను ఎంచుకోండి. పీపీపీఓఈ మీ రౌటర్లోనే ఉంటే పీపీపీఓఈ-వ్యాన్. డౌన్‌లోడ్ గడిలో 37000, అప్‌లోడ్ గడిలో 8900 కొట్టండి. అక్కడ లెక్క కిలోబిట్లలో ఉంటుంది. 37 అని కొడితే 37 కిలోబిట్లకు కట్టేస్తుంది, నెట్ పోయిందనుకుని కంగారు పడతారు. సున్నా కొడితే ఆ వైపు అదుపే ఉండదు.

క్యూ డిసిప్లిన్ అన్న చోట కేక్ ఎంచుకోండి, స్క్రిప్టు దగ్గర పీస్ ఆఫ్ కేక్ అన్నది. లింక్ లేయర్ అడాప్టేషన్‌లో ఈథర్‌నెట్ పెట్టి, ఓవర్‌హెడ్ 44 ఇవ్వండి. ప్రతి ప్యాకెట్ వెంట లైనులో అదనంగా పోయే బైట్ల లెక్క అది. ఫైబర్‌కు 44 కొంచెం ఎక్కువే, అయినా ఎక్కువ పెడితే పిసరంత వేగం పోతుంది, తక్కువ పెడితే చిన్న ప్యాకెట్లు గుంపుగా పోయేటప్పుడు వరుస తిరిగి ఓఎన్‌టిలోకి జారుతుంది. సేవ్ అండ్ అప్లై నొక్కండి.

కేక్ గానీ, దానికన్నా తేలికైన ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ చేసే పని రెండు రకాలు. ఒకటి, ఒక్కో కనెక్షన్‌కు విడి వరుస ఇచ్చి వంతులవారీగా వదలడం. స్కాన్ ఫైలు వెనక ఓటీపీ నిలబడదు, దాని వంతు దానికి వెంటనే వస్తుంది. రెండు, వరుస పొడుగును కాకుండా ప్యాకెట్ నిలబడిన సమయాన్ని చూడడం. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ 2012లో చెప్పిన కోడెల్ పద్ధతి ఇది. 100 మిల్లీసెకన్ల పాటు ఒక్క ప్యాకెట్ కూడా 5 మిల్లీసెకన్ల లోపు బయటపడలేదంటే వరుస పేరుకుపోయినట్టే, అప్పుడు ఒకటి వదిలేస్తుంది. తగ్గకపోతే ఇంకొంచెం త్వరత్వరగా వదులుతుంది. సర్వర్‌కు గుర్తు సకాలంలో అందుతుంది. రెండు చివర్లా ఈసీఎన్ అనే సదుపాయం ఉంటే కేక్ ప్యాకెట్‌ను పారేయకుండా దాని మీద గుర్తు వేసి పంపుతుంది. యార్డు నిండింది, రేపు రండి అని ఊరికి కబురు పంపినట్టు.

మళ్లీ పింగ్ పెట్టి, మళ్లీ 500 మెగాబైట్లు ఎక్కించండి. 15 ఉన్నది 20, 25 దగ్గర నిలవాలి. నిలిస్తే అప్‌లోడ్ గడిలో అంకెను 200 చొప్పున పెంచుతూ పోండి. పింగ్ ఎక్కడ ఎగబాకడం మొదలవుతుందో అక్కడి నుంచి ఒక మెట్టు దిగి ఆగండి. స్పీడ్ టెస్ట్‌లో ఇక 37 దాటదు. ఆ పోయిన నాలుగు ఎంబీపీఎస్ గురించి బాధపడేవాళ్లు చాలామంది. నలుగురు వాడే చోట ఆ నాలుగూ వదులుకోవడం లాభమే.

కుదరకపోతే

స్పీడు అసలే పడిపోయి 20 దగ్గర ఆగిపోతే ప్రాసెసర్ చాలడం లేదు. డౌన్‌లోడ్ నడుస్తుండగా రౌటర్ లోడు చూడండి, నూరు శాతం తగిలితే కేక్ బదులు ఎఫ్‌క్యూ-కోడెల్, స్క్రిప్టు సింప్లెస్ట్ అన్నది పెట్టండి. అప్పటికీ లేకపోతే రౌటర్ మార్చాల్సిందే.

అన్నీ పెట్టినా పింగ్‌లో మార్పే లేకపోతే ఫైర్‌వాల్ పేజీలో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉంటే ప్యాకెట్లు వరుసను తాకకుండా పక్కదారిన పోతాయి. దాన్ని ఆపాలి. అప్‌లోడ్‌కు డౌన్‌లోడ్ అంకె, డౌన్‌లోడ్‌కు అప్‌లోడ్ అంకె పడినట్టు కనిపిస్తే ఇంటర్‌ఫేస్ దగ్గర వ్యాన్ బదులు ల్యాన్ ఎంచుకున్నారు. పగలంతా బాగుండి రాత్రి మాత్రమే పాడైతే, మీరు పెట్టిన 37 కన్నా రాత్రి లైను ఇరుకవుతోంది. అప్పుడు రాత్రి వచ్చే అంకె ప్రకారం తగ్గించుకోవాలి.

హాస్టల్లో

నలభై మంది పిల్లలున్న హాస్టల్లో కనెక్షన్‌వారీ వంతు చాలదు. టొరెంట్ పెట్టినవాడు యాభై కనెక్షన్లు తెరుస్తాడు, క్లాసు వింటున్నవాడిది ఒకటి. వంతులవారీగా వదిలితే యాభై వంతులు మొదటివాడికే. కేక్‌లో మనిషివారీ వంతు పెట్టుకోవచ్చు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు తెరిచి, ఎగ్రెస్ గడిలో నాట్ డ్యూయల్-ఎస్ఆర్‌సీహోస్ట్ అనీ, ఇంగ్రెస్ గడిలో నాట్ డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్ ఇంగ్రెస్ అనీ కొట్టండి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య ఖాళీతో ఉండాలి. నాట్ అన్న మాట మరిచిపోతే రౌటర్‌కు నలభై మందీ ఒకే అడ్రసుగా కనిపిస్తారు, మొత్తం శ్రమ వృథా. ఇది పెట్టాక ఒకరిద్దరే వాడుతుంటే వాళ్లకు లైను మొత్తం దొరుకుతుంది, నలభై మందీ వాడితే తలా సమానం. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు రావాలంటే వంతు చేనుకు ఉండాలి, తూముల లెక్కన కాదు.

వైఫై వేరే సంగతి

తీగ మీద బాగుండి ఫోన్లో బాగాలేకపోతే ఎస్‌క్యూఎం చేయగలిగింది లేదు. గాలిలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. దూరంగా ఉన్న పాత ఫోన్ నిదానంగా మాట్లాడుతూ అందరి సమయమూ తినేస్తుంది. మన వైపు ఇళ్లలో ఇంకో అడ్డు రాయి. కడప బండ అరల వెనక, బేతంచెర్ల రాతి గోడల మధ్య రౌటర్ పెడితే 5 గిగాహెర్ట్జ్ పక్క గదికి కూడా సరిగా పోదు. రౌటర్‌ను అరలోంచి తీసి నడవలో, గదుల తలుపులకు ఎదురుగా, కంటి ఎత్తులో పెట్టండి. పని చేసే కంప్యూటర్లకు తీగే వేయండి.

సొంత సర్వర్ ఉన్నవాళ్లకు

పాఠాల వీడియోలు తమ సర్వర్ నుంచే పిల్లలకు పంపే కోచింగ్ సెంటర్లు, కాలేజీలు బీబీఆర్ చూడాలి. గూగుల్ 2016లో బయటపెట్టిన పద్ధతి ఇది, లినక్స్ 4.9 నుంచి ఉంది. ప్యాకెట్ జారిపోవడం కోసం ఎదురుచూడకుండా, దారి ఎంత పడుతోంది, అతి తక్కువ పింగ్ ఎంత అన్న రెండింటినీ కొలుస్తూ పంపుతుంది. పల్లెల్లో మొబైల్ సిగ్నల్ మీద చూసేవాళ్లకు రద్దీ లేకుండానే ప్యాకెట్లు పోతుంటాయి. క్యూబిక్ దాన్ని రద్దీ అనుకుని వేగం దించుతుంది, బీబీఆర్ అంత తొందరపడదు.

సిస్‌సీటీఎల్ సెట్టింగుల్లో డీఫాల్ట్ క్యూడిస్క్‌ను ఎఫ్‌క్యూ అనీ, టీసీపీ కంజెషన్ కంట్రోల్‌ను బీబీఆర్ అనీ పెట్టి తిరిగి లోడు చేయండి. కొత్తగా కట్టిన కనెక్షన్లకే ఇది వర్తిస్తుంది. ఎస్ఎస్ కమాండ్‌ను హైఫన్ టిఐతో కొడితే ఒక్కో కనెక్షన్ దగ్గర బీబీఆర్ అని కనిపించాలి. ఒక హెచ్చరిక: మొదటి వెర్షన్ బీబీఆర్ చిన్న బఫర్లున్న లైన్లలో క్యూబిక్ వాడేవాళ్ల వాటా కూడా లాక్కుంటుంది. అదే లైనులో మీ ఆఫీసు పని కూడా నడుస్తుంటే ముందు ఒక రోజు పెట్టి చూడండి.

ఇంట్లో డౌన్‌లోడ్ పెరుగుతుందని సొంత కంప్యూటర్లో బీబీఆర్ పెట్టుకోవడం వల్ల ఫలితం లేదు. రద్దీ నియంత్రణ పంపేవాళ్ల చేతిలో ఉంటుంది. దించుకునేటప్పుడు పంపేది అవతలి సర్వర్.

కేబుల్ ఆపరేటర్లకు

ప్రొద్దుటూరు, ఆదోని, గుంతకల్లు లాంటి ఊళ్లలో మైక్రోటిక్ రౌటర్ల మీద కనెక్షన్లు నడిపేవాళ్లకు రెండు మాటలు. సింపుల్ క్యూలో టైపు మార్చకుండా వదిలితే డీఫాల్ట్-స్మాల్ అన్నది పది ప్యాకెట్ల వరుస. 50 ఎంబీపీఎస్ కస్టమర్‌కు అది మరీ పొట్టి, త్వరగా జారిపోయి స్పీడు అందదు. అందదని వేలల్లో పెడితే బఫర్‌బ్లోట్. మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ అయిన రౌటర్‌ఓఎస్ 7లో ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ రెండూ ఉన్నాయి, క్యూ టైప్స్‌లో ఒకటి తయారుచేసి కస్టమర్ క్యూలకు పెట్టండి. ఫైర్‌వాల్‌లో ఫాస్ట్‌ట్రాక్ నియమం ఉంటే తీసేయండి, అది ఉన్నంతసేపూ ప్యాకెట్లు సింపుల్ క్యూను దాటి పోతాయి. తీశాక ప్రాసెసర్ లోడు పెరుగుతుంది, రాత్రి తొమ్మిదింటికి ఎంత ఉందో చూసుకోండి. కస్టమర్లు వందలు దాటితే లిబ్రేక్యూఓఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విడి సర్వర్ మీద పెట్టడం మేలు.

ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే జీపాన్‌లో ఒక పోర్టుకు దిగే వైపు 2.488 గిగాబిట్లు, ఎక్కే వైపు 1.244 గిగాబిట్లు. 64 ఇళ్లకు చీల్చి అందరికీ 100 అమ్మితే కాగితం మీద 6.4 గిగాబిట్లు. అందరూ ఒకేసారి వాడరు కాబట్టి నడుస్తుంది. కానీ క్రికెట్ మ్యాచ్ రాత్రి పోర్టు గ్రాఫ్ పైన చదునుగా గీత గీసినట్టు కనిపిస్తే, ఆ చీలికను రెండు పోర్టులకు పంచే రోజు వచ్చింది.

వరుస ఆపరేటర్ వైపు ఉంటే

ఖాళీ పింగే రాత్రి పెరుగుతున్నప్పుడు "నెట్ స్లో" అని ఫిర్యాదు చేస్తే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు. దాని బదులు మూడు రోజుల అంకెలు ఇవ్వండి: తేదీ, సమయం, తీగతో కొలిచామన్న మాట, రౌటర్ పింగ్, 8.8.8.8 పింగ్, వంద ప్యాకెట్లలో ఎన్ని పోయాయి. దారిలోని ఒక్కో పెట్టె (మెట్టు) దాకా పట్టే సమయం చూపే ట్రేసర్ట్ కమాండ్ కొట్టి, అందులో ఆలస్యం ఏ మెట్టు దగ్గర మొదలై చివరిదాకా అలాగే ఉందో ఆ వరుస కూడా జతచేయండి. మధ్యలో ఒక్క మెట్టులో మాత్రమే ఎక్కువగా ఉండి తర్వాత తగ్గితే దాన్ని పట్టించుకోవద్దు, ఆ పెట్టె పింగ్‌కు జవాబివ్వడంలో నిదానించింది అంతే. మీ ఇంటి పెట్టెలు దాటిన మొదటి మెట్టు నుంచే పెరిగి చివరిదాకా తగ్గకపోతే రద్దీ మీ ఊరి పెట్టెలోనో, అక్కడి నుంచి పైకి పోయే లైనులోనో ఉందన్నమాట. లైన్‌మన్ ఇంటికొచ్చినప్పుడు ఈ కాగితం చేతిలో పెట్టండి.